కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: ఏజెంటు 9,764 అంటున్నడు, ఆన్‌లైన్ల 5,835 ఉంది. నడుమ తేడా ఎవరి జేబుల పడుతది?

గడియారం_సెంటర్
బండి 2021 నవంబర్‌ది, 1197 సీసీ పెట్రోలు, టీఎస్ 05. కొన్నప్పుడు షోరూం ధర 8 లక్షల 20 వేలు. ఇప్పటిదాంక ఒక్క క్లెయిమ్ లేదు. రెన్యువల్‌కు ఇంక 12 రోజులే ఉంది. ఏజెంటు 9,764 అన్నడు, దాని మీద 500 సర్వీస్ చార్జి, అది క్యాష్ ఇయ్యాల్నంట. అదే బండి నంబరు ఆన్‌లైన్ల కొడితే 5,835 చూపెడుతున్నది. ఆ 500 పక్కకు పెట్టినా దగ్గరదగ్గర 4 వేల తేడా. ఇదంత కమీషనేనా? క్లెయిమ్ రోజు ఏజెంటు ఆదుకుంటడు అని అందరు అంటరు. ఆ ఒక్క మాటకు 4 వేలు పెట్టాల్నా?

పాలమూరు_పిల్లగాడు
ఆ 500 సంగతి మొదలు అడుగు. పాలసీ కాయితం మీద ఎంత రాసుంటదో అంతే ప్రీమియం. దాని మీద ఇచ్చేది చాయ పైసలు.

లెక్కల_సారు_కోదాడ
మొత్తం చూసి పోల్చుకుంటే ఏం తెలువదు. రెండు కొటేషన్లల్ల ఐడీవీ (బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే విలువ) ఎంత, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టేది) మీద డిస్కౌంట్ ఎంత, ఎన్‌సీబీ (క్లెయిమ్ లేనందుకు ఇచ్చే తగ్గింపు) ఎంత కొట్టిన్రు, జీరో డెప్ (పార్టుల మీద తరుగుదల కోత లేని కవర్) ఉందా, ఓనర్ పీఏ (ఓనర్‌కు ప్రమాద బీమా) ఉందా, ఇవి పెట్టు.

గడియారం_సెంటర్
ఏజెంటుది: ఐడీవీ 4,10,000. డిస్కౌంట్ 60 శాతం. ఎన్‌సీబీ 45. జీరో డెప్ 1,640. పీఏ 340. టీపీ (థర్డ్ పార్టీ, ఎదుటోళ్ళ నష్టానికి) 3,416.
ఆన్‌లైన్‌ది: ఐడీవీ 3,48,500. డిస్కౌంట్ 75 శాతం. ఎన్‌సీబీ 45. టీపీ 3,416. ఇంకేం లెవ్వు.

మిర్యాల_రైస్‌మిల్లు
ఒకటి బిర్యానీ, ఇంకోటి వట్టి అన్నం. రేటు ఎట్ల కలుస్తది మరి.

లెక్కల_సారు_కోదాడ
రైస్‌మిల్లు అన్నది కరెక్టే. ఇగ లెక్క చూడు.

టీపీ 3,416 అనేది 1000 దాటి 1500 లోపు సీసీ కార్లకు 2022 జూన్ 1 నుంచి కేంద్రం పెట్టిన రేటు. 1000 లోపు 2,094, 1500 దాటితే 7,897. ఏ కంపెనీల తీసుకున్నా, ఎవరి చేతుల మీదికెళ్ళి తీసుకున్నా ఇదే. టీపీల తగ్గిస్త అన్నోడి మాట నమ్మకు.

తేడా అంత ఓన్ డ్యామేజ్‌లనే. హైదరాబాద్ లాంటి 8 పెద్ద నగరాలు జోన్ ఏ, మన నల్లగొండ జోన్ బీ. నీ సీసీకి, 5 ఏండ్ల లోపు బండికి జోన్ బీల పాత టారిఫ్ (రేట్ల పట్టిక) రేటు ఐడీవీ మీద 3.191 శాతం. కంపెనీలు ఇప్పటికీ డిస్కౌంటును దాని మీదనే లెక్కకడతయి.

ఏజెంటుది: 4,10,000 మీద 13,083. 60 శాతం పోతే 5,233. ఎన్‌సీబీ 45 పోతే 2,878. దానికి 1,640, 340, 3,416 కలిపి, 18 శాతం జీఎస్టీ వేస్తే 9,764. లెక్క సరిపోయింది, ఇందుల మోసం లేదు.

ఆన్‌లైన్‌ది: 3,48,500 మీద 11,121. 75 శాతం పోతే 2,780. ఎన్‌సీబీ పోతే 1,529. టీపీ కలిపి జీఎస్టీ వేస్తే 5,835.

ఇప్పుడు ఆన్‌లైన్ల గూడ ఐడీవీ 4,10,000 పెట్టి, జీరో డెప్, పీఏ టిక్ కొట్టు. అదే 75 డిస్కౌంటుకు 8,490 వస్తది. అంటే అసలు తేడా 1,274. మిగిలినదంత నీకు రావాల్సిన సరుకు ధర: జీరో డెప్ జీఎస్టీతో 1,935, పీఏ 401, ఐడీవీ తగ్గించినందుకు 318.

గడియారం_సెంటర్
ఐడీవీ 61 వేలు తగ్గితే ప్రీమియం తగ్గేది 318 యేనా??

లెక్కల_సారు_కోదాడ
అంతే. బండి దొంగలు ఎత్తుకపోతే నీ చేతికి వచ్చేది 61,500 తక్కువ. సైట్లల్ల ఐడీవీ గీతను కిందికి జరిపి పెడుతరు, జాబితాల రేటు తక్కువ కనపడాలె కదా. 4 ఏండ్లు దాటి 5 లోపు బండికి తరుగుదల 50 శాతం. నీ 8,20,000 ల సగం 4,10,000. ఆ సంఖ్య నువ్వే టైప్ చెయ్యి.

సర్వే_రిపోర్ట్
ఐడీవీ గురించి ఒక మాట. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. 4,10,000 అయితే ఆ గీత 3,07,500 దగ్గర ఉంటుంది. 3,48,500 అయితే 2,61,375 దగ్గరే. అంటే 2 లక్షల 80 వేల రిపేరు వస్తే, మొదటి పాలసీలో బండి బాగుచేయించుకుంటారు, రెండోదాంట్లో బండే పోతుంది. అప్పు తీరని బండికి ఇది ఇంకా ఇబ్బంది, డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకే వెళ్తుంది.

డెంటింగ్_పెయింటింగ్
జీరో డెప్ లేకుంట 5,835 ది తీసుకుంటే షెడ్డుల ఏమైతదో చెప్తా. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద రాత్రి బర్రె అడ్డం వచ్చింది అనుకో, ముందట భాగం పోయింది. నీ లాంటి బండికి రమారమి ఎస్టిమేషన్ ఇట్ల ఉంటది:

బంపర్ 3,800, హెడ్‌లైట్ 6,200, గ్రిల్ 1,400. ఇవి ప్లాస్టిక్, మొత్తం 11,400.
బానెట్ 7,100, ఫెండర్ 2,900, కండెన్సర్ 5,600. ఇవి మెటల్, 15,600.
ముందటి అద్దం 6,500. పెయింటింగ్ 12,000. లేబర్ 6,000. కూలెంట్, ఏసీ గ్యాసు, క్లిప్పులు, నట్లు 2,400.
అంత కలిపి 53,900.

మామూలు పాలసీల ప్లాస్టిక్, రబ్బరు, టైరు, బ్యాటరీ, ఎయిర్ బ్యాగు ఏదైనా సగం కోత. అంటే 5,700 నీ మీద. మెటల్‌కు బండి వయసును బట్టి: 6 నెలల లోపు ఏం లేదు, ఏడాది లోపు 5, రెండేండ్ల లోపు 10, మూడు 15, నాలుగు 25, ఐదు 35, పదేండ్ల లోపు 40, పది దాటితే 50 శాతం. నీది 35, అంటే 5,460. పెయింటుల నాలుగో వంతు మెటీరియల్ అని లెక్క, దాని మీద సగం కోత, 1,500. అద్దానికి కోత లేదు. కూలెంట్, క్లిప్పుల 2,400 నీదే. 1500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత 1,000, షెడ్లల్ల దీన్నే ఫైల్ చార్జి అంటరు. మొత్తం 16,060 నీ జేబుల నుంచి.

జీరో డెప్ ఉంటే 2,400, 1,000. అంటే 3,400. కన్‌స్యూమబుల్స్ కవర్ గూడ ఉంటే ఆ 2,400 సుత రాదు.

1,935 మిగిలించుకొని 12,660 పెట్టుకునుడు. నీ ఇష్టం.

జడ్చర్ల_బైపాస్
డెంటింగ్ అన్నా, బర్రె ఓనర్ మీద థర్డ్ పార్టీ క్లెయిమ్ ఎయ్యొచ్చా 😀

డెంటింగ్_పెయింటింగ్
బర్రె ఓనరే నీ మీద ఏస్తడు. ఊర్లె పంచాయితీల నువ్వే ఓడిపోతవు.

పాలసీ_పెద్దన్న
నేను ఈ పనిలనే ఉన్న, అందుకే పక్షపాతం అనుకున్నా సరే, చెప్పాల్సింది చెప్తా.

చాలామంది ఏజెంటు, బ్రోకరు ఒకటే అనుకుంటరు. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. జనరల్ ఇన్సూరెన్స్‌ల ఒక్క కంపెనీ పాలసీలే అమ్మాలె. బ్రోకరు కొనేవాని తరఫు మనిషి, ఏ కంపెనీదైనా చూపెట్టొచ్చు, క్లెయిమ్‌ల సలహా ఇచ్చి కాయితాలు ముందుకు నడిపించుడు వాళ్ళ నడవడి నిబంధనలల్లనే ఉంది. మూడోది పీఓఎస్, పదో తరగతి చదివి 15 గంటల ట్రైనింగ్ తీసుకున్నోడు. మన దిక్కు మండలాలల్ల ఇన్సూరెన్స్ అమ్మెటోళ్ళల్ల ఈ పీఓఎస్‌లే శానమంది, వాళ్ళు ఎక్కువ ఏదో ఒక బ్రోకర్ కంపెనీ కింద ఉంటరు.

ఇంకోటి. ఆన్‌లైన్ల కొంటే బ్రోకర్ లేడు అనుకుంటున్నరు. పాలసీబజార్ కూడ బ్రోకర్ లైసెన్స్ మీదనే నడుస్తది. పాలసీ మొదటి పేజీల ఇంటర్మీడియరీ పేరు, కోడ్ అని ఉంటది చూడున్రి. నేరుగ కంపెనీ సైట్ల కొంటెనే అక్కడ డైరెక్ట్ అని ఉంటది. కమీషన్ ప్రీమియం లోపలికెళ్ళే పోతది, మీరు విడిగ కట్టేది కాదు. 2023 ఏప్రిల్ నుంచి ఏ పాలసీకి ఎంత కమీషన్ అనేది కంపెనీల బోర్డులే తేల్చుకుంటున్నయి.

కాబట్టి ప్రశ్న ఏజెంటుకు ఫీజు ఇయ్యాల్నా అని కాదు. ఎవలకో ఒకలకు ఎట్లాగు పోతున్నది. పని చేసేటోనికి పోతుందా లేదా అని అడగున్రి. ఆ 500 మాత్రం నేను సుత ఒప్పుకోను.

జడ్చర్ల_బైపాస్
అట్లైతే కమీషన్ల సగం నాకు వాపస్ ఇయ్యి అని అడుగుతె?

వనపర్తి_వకీల్
బీమా చట్టం 1938, సెక్షన్ 41. కమీషన్‌లో భాగం ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. 10 లక్షల దాకా జరిమానా. కంపెనీ ఓన్ డ్యామేజ్ రేటులోనే డిస్కౌంటు పెంచితే అది వేరు, అది పాలసీ మీద అచ్చయి వస్తుంది. అడిగేది అదే అడగండి.

జడ్చర్ల_బైపాస్
అడిగినందుకే 10 లక్షలా. పోస్టు తీసేస్తున్న.

పాలమూరు_పిల్లగాడు
పెద్దన్నా, అంత బాగనే చెప్పినవ్ గని, క్లెయిమ్ రోజు ఏజెంటు చేసే పని ఏంది అసలు? టోల్ ఫ్రీకి కొడితే క్లెయిమ్ నంబరు వస్తది. నష్టం లెక్కగట్టే సర్వేయర్‌ను కంపెనీ పంపుతది. క్యాష్‌లెస్ షెడ్డోడు బిల్లు నేరుగ కంపెనీకే పెట్టుకుంటడు. నడుమ ఏజెంటు ఏం చేస్తడు? వాట్సాప్‌ల "చూస్తున్న సార్" అనుడేనా?

పాలసీ_పెద్దన్న
మంచి ప్రశ్న. పట్నంల అయితే నిజంగనే పెద్ద పని లేదు. జిల్లాల ఉంది. నీ కంపెనీకి నల్లగొండల క్యాష్‌లెస్ షెడ్డు ఉందా, లేకుంటే ఎల్బీ నగర్ దాంక టోయింగ్ చెయ్యాల్నా, టోయింగ్ పైసలు ఎన్ని కిలోమీటర్ల దాంక పాలసీల వస్తయి, ఇది పాలసీ తీసుకునే ముందుగాలే చెప్పాలె. బండి పడ్డంక చెప్తే ఫాయిదా లేదు. సర్వేయర్ ఏదన్న పార్ట్ "రిపేర్ చాలు, మార్చుడు వద్దు" అని కొట్టేస్తే, మార్చాలె అని షెడ్డోనితోని రాయించి మళ్ళ చూపెట్టించుడు. పాత పార్టులు పారేయకుంట రీఇన్‌స్పెక్షన్ (పని అయినంక సర్వేయర్ మళ్ళ చూసుడు) దాంక ఉంచుడు. డ్రైవింగ్ లైసెన్స్ వివరాలు తప్పు పడ్డయా చూసుడు. ఇవన్ని చేసెటోడు అయితే ఆ 1,274 కు ఎక్కువనే పని చేస్తున్నడు. ఆర్‌టీఓ గేటు కాడ టీపీలు కొట్టించెటోనికి ఇవేవి తెల్వయి, వానికి అవసరం లేదు.

డెంటింగ్_పెయింటింగ్
రీఇన్‌స్పెక్షన్ మాట నిజం. పాత బంపర్ ఇనుప సామాన్లోడు ఎత్తుకపోయిండంటే సర్వేయర్ "ఏది చూపెట్టు" అంటడు. బిల్లు ఆగుతది.

సర్వే_రిపోర్ట్
జిల్లాల్లో క్లెయిములు ఎక్కడ పాడవుతాయో రాస్తాను. ఏజెంటు ఉన్నా లేకున్నా ఇవి బండి యజమాని చేతిలోనివే.

మొదటిది, బండిని కదిలించేముందు నాలుగు పక్కల నుంచి ఫొటో, నంబరు ప్లేటు కనబడేలా. మనిషికి దెబ్బ తగిలినా, బండి దొంగతనం అయినా పోలీస్ కంప్లయింట్ వెంటనే. దొంగతనం కేసులో రెండు తాళంచెవులూ అడుగుతారు.

రెండోది, సర్వేకు ముందే స్క్రూ విప్పొద్దు. షెడ్డులో "పొద్దుగాల వస్తడంట, అప్పటిదాంక బంపర్ తీసి పెడదాం" అంటారు. వద్దు. లోపలి దెబ్బ ఇదే ప్రమాదానిదా, పాతదా అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. 50 వేలు దాటిన మోటార్ క్లెయిముకు లైసెన్స్ ఉన్న సర్వేయరే రావాలి. పైన డెంటింగ్ గారి 53,900 బిల్లు దానికిందికే వస్తుంది.

మూడోది నీళ్ళు. 2024 సెప్టెంబర్‌లో కోదాడ దిక్కు కార్లు మునిగినప్పుడు చూసిందే. నీళ్ళల్లో ఆగిన బండిని మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటాయి, నీళ్ళు గాలిలాగా అణగవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వాన నీళ్ళకు సీట్లు, కార్పెట్లు పాడైతే మామూలు ఫుల్ పాలసీ (ఓన్ డ్యామేజ్, టీపీ రెండూ ఉన్నది) ఇస్తుంది. వంగిన రాడ్డుకు ఇవ్వదు, అది తర్వాత చేసుకున్న నష్టం అంటారు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా ఉండాలి. అది ఉన్నా సెల్ఫ్ కొట్టకుండా టోయింగ్ పిలవండి. కొన్ని కంపెనీలు ఆ కవర్లో కూడా ఈ షరతు పెట్టాయి.

నాలుగోది, తెల్ల ప్లేటు బండి కిరాయికి తిప్పడం. యాదగిరిగుట్టకో, శ్రీశైలానికో "ఫ్రెండ్స్‌కు ఇచ్చిన" అని పంపుతారు. లోపల కూర్చున్నవాళ్ళ వాంగ్మూలంలో "మూడు వేలకు మాట్లాడుకున్నం" అని వస్తుంది. క్లెయిమ్ అక్కడితో ఆఖరు.

దేవరకొండ_డ్రైవర్
నాలుగోది చదివి మా ఊరు మొత్తం సైలెంట్ అయితది.

మిర్యాల_రైస్‌మిల్లు
గ్యాసు కిట్టు సంగతి సుత రాయి సర్వే సారూ. బయట కొట్టిచ్చిన సీఎన్‌జీ.

సర్వే_రిపోర్ట్
కిట్టు ఆర్‌సీ మీద ఎక్కాలి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) ఉండాలి. కిట్టు విలువ మీద 4 శాతం, టీపీలో 60 రూపాయలు, ఇదీ పాత టారిఫ్ లెక్క. ఇంత చిన్న మొత్తానికి దాచిపెట్టి మొత్తం క్లెయిమునే ఇరుకున పెట్టుకుంటారు.

గడియారం_సెంటర్
నాకు ఒక డౌటు. ఏజెంటు దగ్గర పైసలు ఇవ్వాళ ఇచ్చి, పాలసీ నాలుగు రోజులకు వచ్చిందనుకో. నడుమల ఏమన్న అయితే?

వనపర్తి_వకీల్
సెక్షన్ 64వీబీ. ప్రీమియం ముందుగా అందకుండా కంపెనీకి బాధ్యత మొదలుకాదు. ఏజెంటు తీసుకున్న డబ్బు 24 గంటల్లో కంపెనీకి చేరాలి, బ్యాంకు సెలవులు మినహాయించి. ఇది చట్టం. రోడ్డు మీద జరిగేది, శుక్రవారం సాయంత్రం క్యాష్ తీసుకుని సోమవారం కట్టడం. అందుకే ఏజెంటు దగ్గర చేయించినా పేమెంట్ లింకు కంపెనీ పేరు మీద మీ ఫోనుకు తెప్పించుకుని మీరే కట్టండి. ఏజెంటు సొంత నంబరుకు ఫోన్‌పే చేయొద్దు.

పానగల్_పోరడు
ఇది మస్తు ముఖ్యం. ఇంకోటి సుత చూడున్రి, పాలసీల మొబైల్ నంబరు, మెయిల్ ఎవలది ఉందో. సగం పాలసీలల్ల ఏజెంటు నంబరే ఉంటది. ఓటీపీ, క్లెయిమ్ లింకు, వచ్చే ఏడు రెన్యువల్ మెసేజ్ అన్ని ఆయనకే పోతయి. మనం ఇంకో కంపెనీకి పోకుంట కట్టేసుడు. 2023 జనవరి నుంచి కేవైసీ తప్పనిసరి అయినంక కొంచెం తగ్గింది గని పోలేదు.

లెక్కల_సారు_కోదాడ
పానగల్ చెప్పినదానికి తోడు ఎన్‌సీబీ గడి చూడాలె. రేటు తక్కువ చూపెట్టాలని క్లెయిమ్ అయిన బండికి సుత 50 కొట్టే మహానుభావులు ఉన్నరు. క్లెయిమ్ నాడు కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతది. అబద్ధం బయటపడితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పోతది, సంతకం మాత్రం నీదే ఉంటది.

సూర్యాపేట_సింగిల్‌ఓనర్
దొంగ పాలసీలు ఎట్ల కనిపెట్టాలె? 2,500కే ఫుల్ పాలసీ అని స్టేటస్ పెడుతున్రు.

పానగల్_పోరడు
3,416 టీపీనే ఉన్నంక 2,500కు ఫుల్ ఎట్లొస్తది సింగిల్ ఓనర్ అన్నా. స్కూటర్ మీద టీపీ తీసి పీడీఎఫ్‌ల బండి నంబరు మార్చుడు, ఇదే ఆట. క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యి. పాలసీ నంబరు కంపెనీ టోల్ ఫ్రీకి చెప్పి, ఏ క్లాస్ బండికి ఉంది అని అడుగు. నాలుగైదు రోజులల్ల ఎంపరివాహన్ యాప్‌ల బండి నంబరు కొడితే కంపెనీ పేరు, తేదీ కనపడాలె.

వనపర్తి_వకీల్
ఆ దొంగ కాగితంతో దొరికితే పోలీసుల చలానాకు మొదటిసారి 2,000, రెండోసారి 4,000. మూడు నెలల జైలు కూడా రాసుంది. అది చిన్న విషయం. ఎదుటివాళ్ళు చనిపోతే నల్లగొండ కోర్టులో ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం ఓనరు కట్టాలి. పొలం అమ్మాల్సి వస్తుంది. టీపీ పాలసీ ఉంటే ప్రాణనష్టానికి కంపెనీ బాధ్యతకు పైకప్పు లేదు, ఎదుటివాళ్ళ ఆస్తికి ఏడున్నర లక్షల దాకా. ఇంకొకటి, వట్టి టీపీ పాలసీతో మన కారులో ఊరికే ఎక్కినవాళ్ళకు కవర్ ఉండదు. ఫుల్ పాలసీలో ఉంటుంది. పెండ్లికి ఆరుగుర్ని ఎక్కించుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

జడ్చర్ల_బైపాస్
ఆరుగురా. అయిదుగురి బండి సారూ 😀

వనపర్తి_వకీల్
అందుకే అన్నాను.

నకిరేకల్_65
షోరూంలనే చేయించుకోవాలె, లేకుంటే క్యాష్‌లెస్ ఇయ్యం అంటరు కదా. దాని సంగతేంది?

డెంటింగ్_పెయింటింగ్
ఉత్త మాట. క్యాష్‌లెస్ అనేది కంపెనీకి, షెడ్డుకు నడుమ ఒప్పందం. పాలసీ ఎక్కడ తీసుకున్నవో దానితోని సంబంధం లేదు. కంపెనీ వెబ్‌సైటుల గ్యారేజీల జాబితా ఉంటది, పిన్‌కోడ్ కొట్టి చూడు. షోరూం గూడ ఒక మధ్యవర్తే, దానికీ కమీషన్ ఉంటది. గని ఒకటి ఒప్పుకోవాలె: షోరూం పాలసీ అయితే బిల్లు క్లియర్ చేసుడు వాళ్ళు తొందరగ చేస్తరు. రేటు మాత్రం మూడు రకాలల్ల అదే ఎక్కువ.

పాలమూరు_పిల్లగాడు
చిన్న గీతలకు గూడ క్లెయిమ్ పెట్టించి షోరూం లాభం చూస్కుంటది. ఎన్‌సీబీ పోతదని ఎవ్వడు చెప్పడు.

లెక్కల_సారు_కోదాడ
దీనికి గూడ లెక్క ఉంది. ఎన్‌సీబీ వరుస 20, 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నాకు పోతది. 50 మెట్టు అందుకున్నోడు పోగొట్టుకునేది మొదటి ఏడు 50, రెండో ఏడు 30, తర్వాత 25, 15, 5. కూడితే 125 శాతం. మన గడియారం బండికి ఎన్‌సీబీకి ముందు ఓన్ డ్యామేజ్ 75 డిస్కౌంటుల 3,271. దాని మీద 125 శాతం 4,089, జీఎస్టీతో 4,825. అంటే చేతికి వచ్చే క్లెయిమ్ 4,800 కంటే తక్కువుంటే పెట్టొద్దు, జేబుల నుంచి కట్టుకో. ఏండ్లు గడుస్తుంటే ఐడీవీ తగ్గుతది కాబట్టి అసలు లెక్క దీనికి కొంచెం కిందికే ఉంటది. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ కవర్ ఉంటే వేరే సంగతి.

రెన్యువల్ తేదీ దాటి 90 రోజులు పోయినా ఎన్‌సీబీ మొత్తం పోతది. బండి అమ్మితే ఎన్‌సీబీ బండితోని పోదు, నీతోనే ఉంటది. కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మూడేండ్ల లోపు కొత్త బండికి పెట్టుకోవచ్చు.

డెంటింగ్_పెయింటింగ్
4,800 లోపు అంటే ఒక డోర్ డెంటింగ్, పెయింటింగ్ పని. మా షెడ్డుకే రాండ్రి, క్యాష్ 😀

పాలసీ_పెద్దన్న
సారు లెక్క నేను దాచుకుంటున్న, వచ్చినోళ్ళకు చూపెట్టడానికి.

కొత్తకోట_సెకండ్‌హ్యాండ్
సెకండ్ హ్యాండ్ బండి కొంటే పాత పాలసీ నడుస్తదా?

వనపర్తి_వకీల్
టీపీ దానంతట అదే కొత్త యజమానికి వస్తుంది. ఓన్ డ్యామేజ్ రాదు. 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించాలి. పాత యజమాని ఎన్‌సీబీ అనుభవించి ఉంటే ఆ తేడా మీరు కట్టాలి. ఆర్‌సీ మారేదాకా ఆగుదామని చాలామంది ఊరుకుంటారు, ఈలోపు గుద్దుకుంటే ఎవరికీ రాదు.

గడియారం_సెంటర్
మీరందరు చెప్పినట్టు ఏజెంటుతోని మళ్ళ మాట్లాడిన. 500 వద్దన్న, ఊరుకున్నడు. ఆన్‌లైన్ల 75 ఉంది అని చూపెడితే కంపెనీకి కొట్టి 70 చేయించిండు. పీఏ 15 లక్షలు స్కూటర్ పాలసీల ఆల్రెడీ ఉంది, అది తీసేయమన్న. ఇప్పుడు రేటు 8,513. ఆన్‌లైన్ల అవే పెడితే 8,089.

లెక్కల_సారు_కోదాడ
రెండూ సరిగ్గనే ఉన్నయి. తేడా 424. పీఏ ఒక మనిషికి ఒక్కటి చాలు, డిక్లరేషన్ల టిక్ పెట్టుడు మర్చిపోకు. స్కూటర్ పాలసీ ఎప్పుడు అయిపోతదో మాత్రం రాసిపెట్టుకో, అది ఆగిపోతే ఇక్కడ గూడ కవర్ ఉండదు.

పాలమూరు_పిల్లగాడు
424 కు మనిషి దొరుకుతున్నడు అంటే నేను సుత ఏజెంటు దిక్కే. గని ఒక పరీక్ష పెట్టు. "నల్లగొండల మీ కంపెనీకి క్యాష్‌లెస్ షెడ్లు ఏమేమి, టోయింగ్ ఎంత దూరం" అని ఇప్పుడే అడుగు. గూగుల్ చేసి చెప్త అంటే ఆన్‌లైనే మేలు.

సర్వే_రిపోర్ట్
ఎవరి దగ్గర తీసుకున్నా సర్వేయర్‌ను పెట్టిన రోజు నుంచి 15 రోజుల్లో రిపోర్టు, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం, 2024 ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) సర్క్యులర్ ప్రకారం ఇదీ గడువు. ఆగితే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్, తర్వాత బీమా భరోసా పోర్టల్, లేదంటే 155255. నెల దాటినా తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, ఏడాది లోపు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు.

వనపర్తి_వకీల్
వకీలు అక్కర్లేదన్న ముక్క గట్టిగా చెప్పక్కర్లేదు సారూ.

గడియారం_సెంటర్
అడిగిన. షెడ్లు రెండు పేర్లు వెంటనే చెప్పిండు, అందుల ఒకటి కంపెనీ సైటుల సుత ఉంది, ఇంకోటి లేదు. టోయింగ్ గురించి "ఫోన్ చెయ్యి, నేనే పంపుత" అన్నడు, కిలోమీటర్లు చెప్పలేదు. పాలసీ వర్డింగ్ పంపమన్న, ఇంక రాలే. ఇంక 9 రోజులుంది, ఎల్లుండి దాంక చూస్త.

దేవరకొండ_డ్రైవర్
నాది 2013 డీజిల్, 1248 సీసీ. ఐడీవీ లక్షా 60 వేలు అంటున్రు. ఫుల్ చెయ్యాల్నా, టీపీ చాల్నా?

డెంటింగ్_పెయింటింగ్
పదేండ్లు దాటింది, మెటల్ సగం, ప్లాస్టిక్ సగం కోత. ఇంత పాత బండికి జీరో డెప్ దొరుకుడు కష్టం. ఫుల్‌కు పైన ఎంత అడుగుతున్నరో చెప్పు, 2 వేల లోపైతే చెయ్యి, దొంగతనానికి, నీళ్ళకు, లోపల కూసున్నోళ్ళకు పనికొస్తది. ఇంతకీ కిరాయికి తిప్పుతున్నవా?

దేవరకొండ_డ్రైవర్
టీపీ చాలు అన్నా.